ఈశాన్యం మూలన డాడ్జ్ బండి

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది రంగు గురించి. ఏ రంగు వాడారు, ఎన్ని కోట్లు కొట్టారు, ఆ మెరుపు ఎలా వచ్చింది అని. రంగు ఆఖరి వారం పని. అంతకు ముందు నెలల తరబడి తుప్పుతో కాపురం చేయాలి. ఆ కాపురం ఇష్టం లేనివాళ్లు దయచేసి ఈ వృత్తిలోకి రాకండి. కొత్త బండ్లు అమ్మే చోట చల్లని గదుల్లో ఉద్యోగాలు బోలెడు ఉన్నాయి.

నేను ముప్పయ్యేళ్లకు పైగా పాత కార్లు బాగుచేశాను. మోకాళ్లు మొరాయించాక మానేశాను. ఎన్ని బండ్లు చేశానో, ఎవరెవరు శాలువాలు కప్పారో ఇక్కడ రాయను. నాకు పని నేర్పిన మొదటి బండి గురించి రాస్తాను. అందులో నేను చేసిన తప్పు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే అది ఏ మెకానిక్కు పుస్తకంలోనూ దొరకదు.

ఉద్యోగం పోయింది, బండి వచ్చింది

మాది దేశ్‌ముఖుల ఇల్లు. హైదరాబాదుకు తూర్పున కొన్ని గ్రామాలు ఒకప్పుడు మా తాతగారి మాట మీద నడిచేవి. అదంతా ఎలా పోయిందో చెప్పి జాలి అడగడం మా ఇంటి అలవాటు కాదు. పోయింది, అంతే. ఎనభైల మొదట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కుగా పనిచేస్తూ, ఎల్.బి. నగర్ చౌరస్తాకు లోపలగా కొత్తగా వేసిన కాలనీలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ని. అప్పుడక్కడ ఇళ్ల కంటే హద్దురాళ్లు ఎక్కువ. ఏ పక్క చూసినా పునాది గుంటలు, ఇసుక కుప్పలు. వారానికొక ఇంటికి స్లాబు పడేది.

గ్యారేజీ ఉద్యోగం నేనే వదిలేశాను. ఒక బండి అడుగు రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే, వాటిలో గోనెపట్టా కుక్కి, పైన పుట్టీ పెట్టి రంగు కొట్టమన్నాడు యజమాని. కొట్టనన్నాను.

"నువ్వు దొరవు గదా! దొరతనం ఇంట్ల చేస్కో, ఈడ గాదు," అన్నాడు.

ఆ మాటకు కాదు, ఆ పుట్టీకే మానేశానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి రెండూ ఉన్నాయి.

మానేసిన వారానికి, మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులోకి ఎడ్లను కట్టి ఒక కారును లాక్కొచ్చారు. టైర్లు లేవు. అడుగున రేకు జల్లెడలా ఉంది. నంబరు పలక కూడా లేదు. అయినా చూడగానే గుర్తుపట్టాను. ముందు సీటు వీపుకు ఒక ఇత్తడి కొక్కెం ఉంది. మా నాయన తన పాన్‌దాన్ తగిలించుకోవడానికి పెట్టించుకున్న కొక్కెం అది. బండి మా నాయన డాడ్జ్. బొంబాయి నుంచి తెప్పించిన అమెరికా బండి.

లాక్కొచ్చినవాడు యాదిరెడ్డి. ఆ కాలనీ భూమి అంతా వాళ్లదే. వాళ్ల పాత కొట్టం కూడా ప్లాట్లలోకి పోతుంటే, అందులో ఉన్న బండిని బయటికి తీశాడు.

"ఏం దొరా, గుర్తుపట్టినవా? మీ నాయిన అమ్మిండు, మా నాయిన కొన్నడు. రెండేండ్లు మేం తిరిగినం. ఆ తర్వాత అండ్ల కోళ్లు గుడ్లు పెట్టినయ్."

"ఇంజను ఎట్లా ఉంది?"

"ఇంజన్ల గూడ పెట్టినయేమో, ఎవలు చూసిన్రు?"

రెండో రోజు ఆ ప్లాటు కొనుక్కున్న సుబ్బారావు గారు వచ్చారు. గుడివాడ వైపు మనిషి, బ్యాంకు ఉద్యోగి. బండిని చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"రెడ్డిగారూ, నాకు ప్లాటు చూపించినప్పుడు ఇది లేదు కదండీ! సరిగ్గా ఈశాన్యంలో పెట్టించారేవిటండీ? శంకుస్థాపన గొయ్యి ఎక్కడ తవ్వించమంటారు?"

"నలబై రోజులున్నది గద సార్. అప్పటిదాక దేవుడే చూస్కుంటడు."

"ఈశాన్యం ఆయనదేనండీ, అందుకే నా భయం."

అప్పుడు నేను నోరు తెరిచాను. బండి నాకిస్తే తీసుకుపోతానన్నాను. యాదిరెడ్డి నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

"ఇస్త. కని ఇట్లనే ఇస్తే దీన్ని తీస్కపోయి ఇంకో ప్లాటు ఈశాన్యంల పెడ్తవు. మళ్ల నేనే తిట్లు పడాలె. శంకుస్థాపన పొద్దుగాల్ల, దానంతట అది నడ్సుకుంట రోడ్డెక్కితే నీది. ఎడ్లు గట్టొద్దు, మంది నూకొద్దు. ఒక్క చెయ్యి పడ్డా పాత ఇనుము కొనే కబాడీ ఖాజాకే. ఆయనకు ముందుగాల్నే మాటిచ్చిన."

సరే అన్నాను. ఇంట్లోకి వెళ్లి మా ఆవిడ సులోచనకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది: "ఉన్న నౌకరి ఒదిలిన్రు, లేని కారు పట్టుకున్నరు. మంచిగనే ఉన్నది."

తుప్పును నమ్మించలేం

తుప్పు విషయంలో ఒకటే సూత్రం. స్క్రూడ్రైవర్ పిడితో రేకును తడుతూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది. చెడిన రేకు తడి అట్టలాగా మూగగా ఉంటుంది. ఖంగుమన్న చోటు నుంచి ఇంకో రెండు వేళ్లు మంచి రేకులోకి జరిగి కోయాలి. కోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. బండి సగం మాయమైపోతున్నట్టు ఉంటుంది. అక్కడ చెయ్యి ఆగిందా, రెండేళ్లలో కొత్త రంగు కిందినుంచి బుడగలు లేస్తాయి. ఇలా చెయ్యి ఆగిన బండ్లు తర్వాత చాలా చూశాను. పెద్ద అంబర్‌పేట్‌లో ఒక పెద్దమనిషి ఇంటి బండికి రంగు మీద రంగు ఆరుసార్లు కొట్టించారు. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. ఆయన నా మీద కోప్పడ్డారు.

డాడ్జ్‌కు అడుగు మొత్తం కోసేశాను. కూర్చుంటే కాళ్లు నేలకు తగిలేవి. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, రోజూ పొద్దున ఒకసారి కదిపి చూసేవాణ్ని. తొమ్మిదో రోజు వెంట్రుకవాసి కదిలింది. నేను వేసిన కేకకు పక్క ప్లాటులో మేస్త్రీలు తాపీలు పడేసి పరుగెత్తుకొచ్చారు.

పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు పొరలు. చెయ్యి పోదు, బ్రష్షు పోదు. రెండు వీధుల అవతల ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. ట్యాంకులో సన్నకంకర పోసి, మూతి బిగించి, వాళ్ల పని అయ్యాక కాంక్రీటు కలిపే మిల్లర్‌కు తాళ్లతో కట్టి తిప్పమన్నాను. అది తిరుగుతుంటే వచ్చిన మోతకు కాలనీ అంతా బయటికి వచ్చింది. మిల్లర్ మేస్త్రీ నవ్వు ఆపుకోలేక, "సార్, దీంట్ల జర సిమెంటు గూడ ఏద్దామా?" అన్నాడు. గంట తర్వాత విప్పి చూస్తే ట్యాంకు లోపల వెండి గిన్నెలా ఉంది.

ఇంకా పెద్ద చిక్కు మడ్‌గార్డులు. కొత్త రేకు అతికిన చోట గాట్లు పడ్డాయి. పుట్టీ పెట్టనని ఉద్యోగం మానేసినవాణ్ని, మా ఇంటి ముందు నేనే పుట్టీ పెడతానా? ఆ గాట్లను సీసం, తగరం కరిగించి నింపాలని విన్నాను గాని ఎన్నడూ చేయలేదు. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ కరిగి కిందికి కారిపోయింది.

అదే సమయానికి మా వీధిలోకి కళాయి పెట్టే మనిషి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన ఇల్లాళ్లు ఇత్తడి గిన్నెలు, గుండిగలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. నేను అటే చూస్తున్నాను. అతను గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. వెన్న రాసినట్టు పరుచుకుంది. నేను మడ్‌గార్డు విప్పుకుని వెళ్లి ఆ వరుసలో నిలబడ్డాను.

"ఏవండోయ్, వెనక రండి వెనక. మా గుండిగ పొద్దుటినుంచీ ఉంది," అంది ముందు నిలబడ్డ ఒకావిడ.

నిలబడ్డాను. దేశ్‌ముఖు మనవడు మడ్‌గార్డు నెత్తిన పెట్టుకుని గిన్నెల వరుసలో నిలబడటం మా తాతగారు చూసి ఉంటే ఏమనేవారో తెలియదు. నాకు మాత్రం అంత హాయిగా ఎప్పుడూ లేదు. కళాయి మనిషి మడ్‌గార్డును అటూ ఇటూ తిప్పి, "ఇండ్ల ఏం వండుతరు?" అని అడిగాడు. తర్వాత నాలుగు రోజులు మా ఇంటి ముందే కొలిమి పెట్టాడు. వేడి ఎక్కడ ఆపాలో, తుడుపు ఎటు లాగాలో అతని చేతిని చూసి నేర్చుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన ప్రతి బండి మీదా ఆ మనిషి తుడుపు ఉంది.

కుర్చీ

ఇక తప్పు గురించి.

రేకు పని అయ్యాక వైరింగ్ మిగిలింది. పాత వైర్లన్నీ ఎలుకలు తినేశాయి. ఆ బండిని లోపలా బయటా ఎరిగినవాడు ఒక్కడే ఉన్నాడు. మా నాయన డ్రైవర్ లాలయ్య. సైదాబాద్‌లో ఉంటున్నాడని తెలుసు. మొదటి మూడు వారాలు నేను వెళ్లలేదు. మా ఇంట్లో జీతానికి ఉన్న మనిషి దగ్గరకు పోయి, మా బండి గురించి నాకు తెలియదు, చెప్పమని అడగడానికి మెడ వంగలేదు. చివరికి రోజులు దగ్గరపడి వెళ్లాను. లాలయ్య నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ మధ్యాహ్నమే బస్సెక్కి నా వెంట వచ్చాడు.

మా పాత ఇంటి నుంచి నాకు దక్కిన సామాను ఒక చేతుల కుర్చీ. దాన్ని బండి పక్కన వేసుకుని కూర్చున్నాను. లాలయ్య కండువా నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నాను. "ఉండనియ్యున్రి దొరా," అన్నాడు. నేను రెండోసారి అనలేదు. అదీ నా తప్పే.

నేను అడుగుతూ పోయాను, అతను చెబుతూ పోయాడు.

"ఈ వైరు డైనమోకే కదా లాలయ్యా?"

"అవును దొరా."

"బ్యాటరీ మైనస్ బాడీకి, ప్లస్ లోపలికి. అంతే కదా?"

లాలయ్య బ్యాటరీ వంక చూశాడు. నా వంక చూశాడు. తల గోక్కున్నాడు.

"అవును దొరా."

అలాగే బిగించాను. మీట నొక్కాను. ఇంజను నాలుగుసార్లు దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. సులోచన గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వే లోపల, కరెంటు కొలిచే ముల్లు ఎదరకు పోవలసింది వెనక్కి పడిపోయింది. బానెట్ కింద, డైనమో కరెంటును అదుపు చేసే కటౌట్ డబ్బా నుంచి నల్లటి పొగ. పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేశాను. కటౌట్ కాలిపోయింది.

అప్పటికి నాకు అర్థమైంది. ఆ కాలం అమెరికా బండ్లలో కొన్నింటికి ప్లస్సునే బాడీకి కలుపుతారు.

"లాలయ్యా, ఈ బండికి బాడీకి కట్టేది ప్లస్సా?"

"ప్లస్సే దొరా."

"మరి ఇందాక అవునన్నావే!"

"మీరు మైనస్ అన్నరు గద దొరా."

శంకుస్థాపన పదమూడు రోజుల్లో ఉంది. సులోచన మాత్రం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"మీరు కుర్చీల కూసోని సూర్యుడు పడమట పొడుస్తడంటే గూడ ఆయన అవును దొరా అంటడు. ఆయనకు గదే నేర్పిన్రు గద మీ ఇంట్ల." కుర్చీని రెండు చేతులా ఎత్తి లోపలికి పట్టుకుపోయింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"బండి కింద ఆయన పక్కపొంటి పండుకోన్రి. పండుకున్నోళ్లల్ల దొర ఎవలు, డ్రైవర్ ఎవలు?"

బండి కింద

అంతే చేశాను. గోనెపట్టా పరిచి, ఇద్దరం పక్కపక్కన వెల్లకిలా పడుకున్నాం. మొదటి గంట లాలయ్య ఊపిరి కూడా బిగపట్టుకునే ఉన్నాడు. తర్వాత బ్రేకు పైపు దగ్గర ఒక నట్టు రాలేదు. నేను పానా అందించాను.

"గది గాదు, చిన్నది! కండ్లు ఏడున్నయ్? ఇటియ్యి!" అని నా చేతిలోంచి లాక్కున్నాడు.

వెంటనే బిగుసుకుపోయాడు. "తప్పయింది దొరా."

"తప్పు సంగతి తర్వాత. ఏ పానా కావాలి?"

ఈ వృత్తిలో నాకు దక్కిన మొదటి సర్టిఫికెట్ ఆ "ఇటియ్యి". ఆ తర్వాత లాలయ్య ఆగలేదు. నేను బిగించినవి సగం విప్పించాడు. ముందు చక్రాల దగ్గర నేను తిరగేసి వేసిన ఒక ముక్కను చూపించి, "దీన్ని ఇట్ల ఏస్తే ఉప్పల్ పోదామంటే నాగోల్ పోతది," అన్నాడు. మా నాయన ఏ మలుపులో ఎందుకు భయపడేవారో, బండి ఎక్కడెక్కడ ఆగిపోతే ఎవరికీ తెలియకుండా ఏం చేసి నడిపించాడో అన్నీ చెప్పాడు. ఆ బండిని నేను వెనక సీటు నుంచి చూశాను. బండి అసలు ఉన్నది ముందూ కిందా.

కటౌట్ కోసం చాదర్‌ఘాట్ వైపు పాత సామాన్ల దుకాణాలు ఇద్దరం నాలుగు రోజులు తిరిగాం. దొరికినదాని మొనలు లాలయ్య సన్నటి ఆకురాయితో రుద్ది బాగుచేశాడు. ఈసారి ప్లస్సు బాడీకి కట్టాం. ముల్లు ముందుకు వచ్చింది.

కొత్తవాళ్లకు ఇక్కడే నేను చెప్పేది. అనుభవం ఉన్నవాణ్ని "ఇంతే కదా?" అని అడగకండి. మన దేశంలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అవుననే. "ఇది ఎక్కడికి పోతుంది?" అని అడిగి నోరు మూసుకోండి. అడిగేటప్పుడు అతని కంటే ఎత్తులో కూర్చోకండి. నేను తర్వాత పెద్ద పెద్ద ఇళ్లకు పనికి వెళ్లినప్పుడు, బండి యజమానితో పది నిమిషాలు మాట్లాడి, ఆ ఇంటి పాత డ్రైవర్‌తో పూట గడిపేవాణ్ని. యజమానులు కొందరు నొచ్చుకున్నారు. బండ్లు మాత్రం నడిచాయి.

ముహూర్తం

శంకుస్థాపన రోజు వచ్చింది. ముందురోజు వాన పడింది. బండికి ఇంకా రంగు లేదు. ఎర్రటి ప్రైమర్, మడ్‌గార్డుల మీద కళాయి మరకలు. ఈశాన్యం మూలలో, పాత సామాన్ల దుకాణంలో కొన్న నాలుగు టైర్ల మీద నిలబడి ఉంది. అవతల సుబ్బారావు గారు పట్టు పంచెలో, పురోహితుడు పీటల మీద. ఇవతల కబాడీ ఖాజా తోపుడుబండితో, సుత్తితో. మధ్యలో తెల్లటి ధోవతిలో యాదిరెడ్డి.

"ఇంకా ఇరవై నిమిషాలేనండీ! ముహూర్తం దాటితే నాకు సంబంధం లేదండీ!" అని పురోహితుడు కేక పెట్టాడు.

నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. లాలయ్య పక్కన. ఆరు వోల్టుల బ్యాటరీ ఇంజనును బద్ధకంగా తిప్పింది. రెండుసార్లు అందుకోలేదు. "చోక్ గుంజు. ఇంకా. ఆఁ, ఒదులు," అన్నాడు లాలయ్య. మూడోసారి లేచింది. గేరు వేశాను. బండి కదిలింది. ఎన్నో ఏళ్ల తర్వాత దానంతట అది పది అడుగులు నడిచింది. మేస్త్రీలు ఈలలు వేశారు.

రోడ్డుకు ఇంకా కొంత దూరం ఉందనగా వెనక చక్రం దిగబడిపోయింది. నీళ్ల పైపు కోసం తవ్వి, మట్టి పోసి పూడ్చిన చోటు అది. వానకు మెత్తబడింది. రేసు ఇచ్చినకొద్దీ చక్రం తిరుగుతూ లోపలికే పోతోంది. చుట్టూ అంత మంది ఉన్నారు, ఒక్కరూ చెయ్యి వేయడానికి లేదు. ఖాజా సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సులోచన మా గోడ మీదినుంచి చూస్తోంది. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

"రేసు తగ్గియ్యి," అన్నాడు లాలయ్య. "రెండో గేరు. క్లచ్ జరంత జరంత ఒదులు. పానం పోయినట్టు పట్టుకోకు స్టీరింగ్‌ని."

చెప్పినట్టు చేశాను. బండి ముందుకు ఊగింది, వెనక్కి ఊగింది. మళ్లీ ఊగి, మూలిగి, ఒక్కసారిగా గుంట ఎక్కి రోడ్డు మీద పడింది.

"చూశావా లాలయ్యా, ఇంజను దమ్ము!" అని అరిచాను.

"దమ్ము ఇంజన్‌ది గాదు. అద్దంల చూడు."

చూశాను. బండి వెనక యాదిరెడ్డి, నడుం దాకా బురద. ఆయన పక్కన పట్టు పంచె ఎగ్గట్టిన సుబ్బారావు గారు. ఇద్దరు మేస్త్రీలు. వాళ్ల మధ్యలో, సుత్తి చంకలో పెట్టుకుని ఇంకా రెండు చేతులూ ముందుకు చాచి ఉన్న కబాడీ ఖాజా.

బండి ఆపి దిగాను. యాదిరెడ్డి ఆయాసపడుతూ వేలు చూపించాడు.

"నూకినమని ఎవలన్న అంటే ఊకోను. జారి పడబోయి బండి పట్టుకున్నం."

"అయిదుగురూ ఒక్కసారే జారారా?"

"తడి నేల గద!"

"నిజమే సాబ్, బాగ జారుతున్నది," అన్నాడు ఖాజా.

"అందరూ జారడం అయితే పీటల మీదికి రండి, ఇంకా ఆరు నిమిషాలుంది!" అని పురోహితుడు అరుస్తున్నాడు. సుబ్బారావు గారు బురద కాళ్లతోనే ఈశాన్యం వైపు పరుగెత్తారు.

నేను యాదిరెడ్డికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. మా ఇంటివాళ్లు ఆ ఊళ్లలో దండాలు తీసుకున్నారే గాని పెట్టిన అలవాటు లేదు. నా చేతులు లేవవలసినంత ఎత్తు లేచాయో లేదో నాకు తెలియదు. ఆయన ధోవతి బురద దులుపుకుంటూ ముందు తలుపు తీశాడు.

"దండాలు మళ్ల పెడుదువు. జరుగు, నన్ను ఎక్కనియ్యి. దిల్‌సుఖ్‌నగర్ దాక పోదాం. మా బామ్మర్ది దుకాణం ముంగట జర గట్టిగ హారన్ కొట్టాలె."

హారన్ ఇంకా బిగించనే లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. దారి పొడుగునా లాలయ్య కిటికీలోంచి తల బయట పెట్టి, గొంతు బొంగురుపోయేలా అరుస్తూనే ఉన్నాడు: "జరగున్రి! జరగున్రి!"